మేనల్లుడి తుపాకీ కేసు: 15 ఏళ్లు ఖాయమా?

నమస్కారం అండీ. మీరు రాసింది రెండుసార్లు చదివాను. మీ అక్కగారి అబ్బాయి న్యూజెర్సీలోనే పుట్టి పెరిగాడు. 19 ఏళ్ల వయసులో డ్రగ్స్ దగ్గర ఉంచుకున్న కేసులో నేరం ఒప్పుకుంటే రెండేళ్ల ప్రొబేషన్ వేశారు, జైలుకు పంపలేదు. ఆరేళ్ల తర్వాత మొన్న ఫిలడెల్ఫియాలో కారు ఆపి వెతికితే సీటు కింద పిస్టల్ దొరికింది. అది రూమ్మేట్‌దని వాడు అంటున్నాడు. కేసు ఫెడరల్ (అమెరికా కేంద్ర ప్రభుత్వ) కోర్టుకు వెళ్లింది. జైలుకే వెళ్లనివాడు ఫెలన్ (పెద్ద నేరంలో దోషి) ఎలా అవుతాడని, తెలిసినవాళ్లు 15 ఏళ్లు ఖాయం అంటున్నారు నిజమేనా అని అడిగారు. అక్కగారు అన్నం కూడా సరిగ్గా తినడం లేదని రాశారు.

ముందు ఆవిడకు ఈ మాట చెప్పండి. మీరు రాసిన వివరాలు సరైనవే అయితే, 15 ఏళ్లు ఖాయం అన్నది తప్పు. కేసు చిన్నదని నేను అనడం లేదు, భయపడాల్సినంత ఉంది. కానీ లేని భయం కూడా మోయక్కర్లేదు. నేను 20 ఏళ్లకు పైగా అమెరికాలో ఫెడరల్ క్రిమినల్ కేసుల్లో డిఫెన్స్ వైపు పని చేస్తున్నాను. మీ వాడి ఫైలు చూడలేదు కాబట్టి, చట్టం ఎలా నడుస్తుందో, అందులో పాత కేసు ఎక్కడెక్కడ తగులుతుందో చెప్తాను. చివరి మాట వాడి లాయర్‌దే.

15 అనే అంకె ఈ చట్టంలో రెండు చోట్ల ఉంది. గందరగోళం అంతా అక్కడే. తుపాకీ ఉంచుకోకూడదని నిషేధం ఉన్న మనిషి దగ్గర తుపాకీ దొరికితే వేయగల గరిష్ఠ శిక్ష 15 ఏళ్లు. ఇదివరకు అది 10 ఏళ్లే ఉండేది. 2022 జూన్ 25న సంతకమైన బైపార్టిసాన్ సేఫర్ కమ్యూనిటీస్ యాక్ట్ దాన్ని 15కు పెంచింది. రెండో 15 వేరే నిబంధనలో ఉంది, అది కనిష్ఠ శిక్ష. హింసతో కూడిన నేరాలు గానీ తీవ్రమైన డ్రగ్స్ నేరాలు గానీ వేర్వేరు సందర్భాల్లో చేసినవి మూడు ఉంటే, ఆర్మ్‌డ్ కెరీర్ క్రిమినల్ యాక్ట్ కింద 15 ఏళ్లకు తగ్గించే అధికారం జడ్జికి మామూలుగా ఉండదు. పైకి జీవిత ఖైదు దాకా వెళ్లొచ్చు. మీ వాడికి ఉన్నది ఒకటే పాత కేసు. మీకు చెప్పినవాళ్లు ఈ రెండో 15ని ఎక్కడో విని మీ వాడికి అంటగట్టి ఉంటారు.

ఇక ఫెలన్ ఎలా అవుతాడన్న ప్రశ్న. మన దేశంలో తుపాకీ కేసు అనగానే ముందు అడిగేది లైసెన్స్ ఉందా లేదా అని. అమెరికాలో ముందు అడిగేది ఆ మనిషి ఎవరు అని. ఫెడరల్ చట్టంలో సెక్షన్ 922(జి) కొన్ని రకాల మనుషులను వరుసగా చెప్పి, వీళ్ల దగ్గర తుపాకీ గానీ తూటా గానీ ఉండకూడదు అంటుంది. ఒక్క తూటా ఉన్నా కేసే. ఆ వరుసలో మొదటివాడు, 'ఏడాదికి మించి జైలుశిక్ష పడగల నేరంలో' దోషిగా తేలినవాడు. 'పడగల' అన్న మాట దగ్గర ఆగి చూడండి. పడిన శిక్ష ఎంతో చట్టం అడగదు. ఆ నేరానికి పుస్తకంలో రాసిన గరిష్ఠ శిక్ష ఎంతో చూస్తుంది.

న్యూజెర్సీలో ఇది మరీ మోసం చేస్తుంది. ఆ రాష్ట్రం తన చట్టంలో నేరాలకు ఫెలనీ అనే పేరే పెట్టదు. ఫస్ట్ డిగ్రీ నుంచి ఫోర్త్ డిగ్రీ దాకా క్రైమ్ అంటుంది. థర్డ్ డిగ్రీ క్రైమ్‌కి మూడు నుంచి అయిదేళ్ల శిక్ష ఉంటుంది. అయితే మొదటిసారి దొరికినవాళ్లను చాలావరకు జైలుకు పంపకూడదని అదే చట్టం చెప్తుంది కాబట్టి ప్రొబేషన్ ఇచ్చి ఇంటికి పంపిస్తారు. కుర్రాడు ఆ సాయంత్రం అమ్మ చేతి భోజనం చేస్తాడు. ఎవరూ ఫెలనీ అన్న మాట అనలేదు, బేడీలు వేయలేదు. కానీ ఫెడరల్ చట్టం దృష్టిలో ఆ రోజు నుంచే వాడు తుపాకీ ముట్టుకోకూడదు. ఈ నిషేధానికి గడువు లేదు, 30 ఏళ్ల తర్వాత కూడా ఉంటుంది.

పేరు ఎలా ఉన్నా లెక్క మారదనడానికి పక్క రాష్ట్రంలోనే ఒక ఉదాహరణ ఉంది. పెన్సిల్వేనియాలో రేంజ్ అనే ఆయన 1995లో ఫుడ్ స్టాంపుల కోసం ఆదాయం తక్కువ చూపించాడు. రాష్ట్రం దాన్ని మిస్‌డిమీనర్ (చిన్న నేరం) అనే పిలిచింది, ఆయన జైలుకు వెళ్లలేదు. కానీ ఆ మిస్‌డిమీనర్‌కి గరిష్ఠ శిక్ష అయిదేళ్లు. అందుకని తుపాకీ కొనుక్కోవడానికి వెళ్తే కుదరదన్నారు. రాష్ట్రం మిస్‌డిమీనర్ అని పిలిచి, గరిష్ఠ శిక్ష రెండేళ్లు లేదా అంతకన్నా తక్కువ ఉంచితేనే ఈ నిబంధన నుంచి మినహాయింపు. అందులోనూ భార్య మీదో, కలిసి బతికే మనిషి మీదో చేయి చేసుకున్న మిస్‌డిమీనర్ అయితే 1996లో తెచ్చిన వేరే నిబంధన కింద మళ్లీ నిషేధం వస్తుంది. మన కుటుంబాల్లో ఇది తెలియక ఇరుక్కునేవాళ్లు ఉన్నారు. 'మాటా మాటా పెరిగింది, ఫైన్ కట్టి బయటపడ్డాం' అనుకున్న కేసు జీవితాంతం వెంట ఉంటుంది.

కాబట్టి మొదటి పని, పాత కేసు కాగితాలు తెప్పించడం. ఏం జరిగిందో వాడు గుర్తు చేసుకుని చెప్పేది నమ్మకండి, వాడు అబద్ధం చెప్తాడని కాదు, 19 ఏళ్ల వయసులో టెన్షన్‌లో విన్నది ఎవరికీ సరిగ్గా గుర్తుండదు. కేసు నడిచిన కౌంటీ సుపీరియర్ కోర్టు నుంచి జడ్జిమెంట్ సర్టిఫైడ్ కాపీ, సంతకం చేసిన ప్లీ ఫారం (నేరం ఒప్పుకున్న కాగితం), ప్లీ రోజు కోర్టులో జరిగిన సంభాషణ ప్రతి, ఈ మూడూ కావాలి. న్యూజెర్సీలో ప్రీట్రయల్ ఇంటర్వెన్షన్ అనే పద్ధతి ఉంది. చెప్పిన షరతులు పూర్తి చేస్తే కేసు కొట్టేస్తారు, దోషిగా తేలినట్టు కాదు. చాలామంది దాన్ని కూడా ప్రొబేషన్ అనే చెప్తారు. మీ వాడిది నిజంగా అదే అయితే ఈ ఫెడరల్ ఛార్జ్‌కి పునాదే ఉండదు. నా దగ్గరకు ఒకసారి ఇలాంటి కేసే వచ్చింది. పోలీసు రికార్డు ప్రింటవుట్‌లో దోషి అని ఉంది. కోర్టు పాత ఫైలు తీయిస్తే ప్రోగ్రాం పూర్తయ్యాక కేసు కొట్టేసిన ఆర్డర్ కనబడింది. కుర్రాడు అప్పటికే నాలుగు నెలలుగా లోపల ఉన్నాడు. ఆ నాలుగు నెలలు ఎవరూ ఆ ఫైలు తెరవలేదన్నది నాకు ఇప్పటికీ బాధే.

పాత తీర్పును కోర్టు తర్వాత చెరిపేసినా, క్షమాభిక్ష దొరికినా, పోయిన పౌరహక్కులు తిరిగి వచ్చినా కూడా మామూలుగా ఆ కేసు లెక్కలోకి రాదు, తుపాకీ మాత్రం వద్దని ఆ ఆర్డర్‌లోనే రాస్తే తప్ప. అయితే ఇవన్నీ తుపాకీ దొరకడానికి ముందే జరిగి ఉండాలి. ఆ పాత కేసులో లాయర్‌ని కూడా ఇవ్వలేదు, అది చెల్లదని ఇప్పుడు వాదించినా లాభం లేదు. 1980లో లూయిస్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు ఈ మాట తేల్చేసింది: పాత తీర్పులో లోపం ఉంటే ముందు దాన్ని కొట్టేయించుకోవాలి, అప్పటిదాకా తుపాకీ ముట్టుకోకూడదు.

ఇక్కడ చదివే మిగతావాళ్ల కోసం ఒక మాట. ఇండియాలో ఉన్న పాత కేసు ఈ లెక్కలోకి వస్తుందా అని నన్ను తరచూ అడుగుతారు. దోషిగా తేలినవాళ్ల నిబంధనలోకి రాదు. జపాన్‌లో శిక్ష అనుభవించి వచ్చి పెన్సిల్వేనియాలో తుపాకీ కొన్న ఒకాయన కేసులో 2005లో సుప్రీంకోర్టు, విదేశీ కోర్టుల తీర్పులు దీనికి లెక్క కావని చెప్పింది. వీసా, గ్రీన్ కార్డ్ విషయాల్లో మాత్రం ఆ కేసులు లెక్కకు వస్తాయి, రెండూ కలిపి చూసుకోకండి.

ఇప్పుడు మీ వాడికి పనికొచ్చే వాదన. 2019లో రెహీఫ్ కేసు వచ్చేదాకా, తుపాకీ ఉందని తెలిస్తే చాలు, నిషేధం తనకు వర్తిస్తుందని తెలియకపోయినా శిక్ష పడేది. రెహీఫ్ యూఏఈ నుంచి స్టూడెంట్ వీసా మీద ఫ్లోరిడాకు వచ్చిన కుర్రాడు. మార్కులు రాక యూనివర్సిటీ తీసేసింది, దాంతో స్టేటస్ పోయింది. తర్వాత షూటింగ్ రేంజ్‌కి వెళ్లి రెండు తుపాకులు పేల్చాడు. అంతే, కేసు. తాను నిషేధం ఉన్న వర్గంలో ఉన్నానని నిందితుడికి తెలుసని కూడా ప్రభుత్వం రుజువు చేయాలని సుప్రీంకోర్టు చెప్పింది. మీ వాడి విషయంలో అంటే, తన పాత నేరానికి ఏడాదికి మించి శిక్ష పడగలదని వాడికి తెలుసా అన్నది ప్రశ్న. తుపాకీ పట్టుకోవడం నేరమని తెలియదు అంటే సరిపోదు, అది వేరే సంగతి.

నిజం చెప్పాలంటే ఇది అంత తేలిక వాదన కాదు. నేరం ఒప్పుకునే రోజు గరిష్ఠ శిక్ష ఎంతో జడ్జి చెప్పి, అర్థమైందా అని అడుగుతారు. ఫారంలో కూడా అంకె రాసి ఉంటుంది. కింద వాడి సంతకం ఉంటే జ్యూరీ ముందు నిలబడటం కష్టం. అందుకే ఆ ఫారం, ఆ సంభాషణ ప్రతి ముందే చూడాలంటున్నాను. ఆ రోజు జడ్జి హడావిడిగా ప్రొబేషన్ గురించే మాట్లాడి అయిదేళ్ల సంగతి సరిగ్గా చెప్పకపోతే, అది దొరికేది అందులోనే.

(రెహీఫ్ కథ మన పిల్లలకు కూడా చెప్పండి. ఎఫ్-1, హెచ్-1బీ వీసాల మీద ఉన్నవాళ్లకు కూడా నిషేధం ఉంది. వేట లైసెన్స్ లాంటి కొద్దిపాటి మినహాయింపులు తప్ప, వీకెండ్ సరదాకి రేంజ్‌లో అద్దె తుపాకీ పేల్చి ఫొటో పెట్టడం కూడా నేరమే కావచ్చు.)

రూమ్మేట్ తుపాకీ అన్న మాటకు వద్దాం. తుపాకీ ఎవరి పేరు మీద ఉందన్నది చట్టానికి ముఖ్యం కాదు. చేతిలో లేకపోయినా, అది అక్కడ ఉందని తెలిసి, దాన్ని తన అదుపులో ఉంచుకునే వీలు, ఉద్దేశం ఉంటే దగ్గర ఉన్నట్టే లెక్క. అలాగని అదే కారులో కూర్చున్నంత మాత్రాన నేరం రుజువైపోదు. కారు ఎవరిది, ఎవరు నడుపుతున్నారు, ఏ సీటు కింద, వేలిముద్రలు గానీ డీఎన్‌ఏ గానీ దొరికిందా, ఫోన్లో ఆ పిస్టల్‌తో ఫొటో ఉందా, వీటి మీద ఉంటుంది కేసు. తుపాకీ ఎప్పుడో ఒకప్పుడు రాష్ట్ర సరిహద్దు దాటిందని కూడా చూపాలి, కానీ వేరే రాష్ట్రంలో తయారైందంటే అది తీరిపోతుంది. అక్కడ ఆశ పెట్టుకోకండి.

ఒకటి మాత్రం బతిమాలి చెప్తున్నాను. వాడు లోపలి నుంచి ఫోన్ చేస్తే తుపాకీ మాట ఎత్తొద్దు. ఆ కాల్స్ రికార్డ్ అవుతాయి. తెలుగులో మాట్లాడితే ఎవరికీ అర్థం కాదనుకోవద్దు, అనువాదకులను పెట్టించి తర్జుమా చేయించుకుంటారు. అక్కగారు ప్రేమతో 'ఎందుకు పెట్టుకున్నావురా' అని అడిగే ఒక్క ప్రశ్న, దానికి వాడు చెప్పే జవాబు, సాక్ష్యం అవుతుంది. అన్నం తిన్నావా, ఒంట్లో ఎలా ఉంది, అంతవరకే.

పాత కేసు వివరాలు జ్యూరీకి చెప్పేస్తారేమో అన్న భయం ఉంటే, 1997 నాటి ఓల్డ్ చీఫ్ తీర్పు వల్ల దానికి దారి ఉంది. 'నిషేధం తెచ్చే పాత తీర్పు ఒకటి నాకు ఉంది' అని నిందితుడు రాసి ఒప్పుకుంటే, అది ఏ నేరమో జ్యూరీ ముందు విప్పడానికి వీల్లేదు.

శిక్ష దగ్గరికి వస్తే పాత కేసు రెండు చోట్ల తగులుతుంది, రెండూ కలిసి లెక్క మారుస్తాయి. ఫెడరల్ సెంటెన్సింగ్ గైడ్‌లైన్స్‌లో ఒక పట్టిక ఉంటుంది. నిలువున నేరం స్థాయి, అడ్డంగా పాత రికార్డు ఒకటి నుంచి ఆరు వర్గాలు. రెండూ కలిసే గడిలో నెలలు ఉంటాయి. 2005 నుంచి జడ్జి ఆ గడికి కట్టుబడి ఉండక్కర్లేదు, కానీ ప్రతి కేసులో లెక్క మాత్రం అక్కడి నుంచే మొదలవుతుంది.

మామూలు పిస్టల్, నిషేధం ఉన్న మనిషి, ఇంకేం లేకపోతే స్థాయి 14. పాత కేసు హింస నేరమో, డ్రగ్స్ అమ్మిన నేరమో అయితే అది 20. అలాంటివి రెండు ఉంటే 24. ఇక్కడే మీ వాడి పాత కాగితంలో ఒక్క మాట కీలకం. డ్రగ్స్ దగ్గర ఉంచుకోవడం ఈ లెక్కకు డ్రగ్స్ నేరం కింద రాదు. 'అమ్మే ఉద్దేశంతో' దగ్గర ఉంచుకోవడం వస్తుంది. న్యూజెర్సీలో ఈ రెండూ థర్డ్ డిగ్రీ కింద ఉండే సందర్భాలు ఉన్నాయి, రెండిటికీ ప్రొబేషనే పడి ఉండొచ్చు. ఆ రోజు ఇంట్లో ఎవరికీ తేడా తెలిసి ఉండదు.

రికార్డు వర్గం పాయింట్లతో వస్తుంది. 13 నెలలకు మించిన పాత శిక్షకు 3 పాయింట్లు, 60 రోజులు ఆ పైన అయితే 2, జైలు లేని ప్రొబేషన్‌కి 1. మూడు పాయింట్లవి 15 ఏళ్లు, మిగతావి 10 ఏళ్లు దాటితే మామూలుగా లెక్కించరు. మీ వాడిది ఆరేళ్ల కిందటి ప్రొబేషన్ కాబట్టి 1 పాయింటు, మొదటి వర్గమే. స్థాయి 14, వర్గం ఒకటి అంటే 15 నుంచి 21 నెలలు. నేరం ఒప్పుకుంటే రెండు స్థాయిలు తగ్గి 10 నుంచి 16 నెలలు. ఆ గడిలో అయితే కనీస శిక్షలో సగం దాకా ఇంట్లోనో, హాఫ్‌వే హౌస్‌లోనో (జైలుకూ ఇంటికీ మధ్య నిఘా వసతి) ఉంచేలా అడగడానికి వీలుంది. అదే పాత కేసు అమ్మే ఉద్దేశంతో అని తేలితే 33 నుంచి 41, ఒప్పుకుంటే మూడు స్థాయిలు తగ్గి 24 నుంచి 30 నెలలు. ఒక్క మాటకి అంత తేడా అండీ.

పిస్టల్ గురించి కూడా లాయర్‌ని అడగండి. అది దొంగిలించినదైతే, మీ వాడికి ఆ సంగతి తెలియకపోయినా రెండు స్థాయిలు పెరుగుతాయి. సీరియల్ నంబర్ గీకేసి ఉంటే నాలుగు. ఇంకో నేరానికి వాడితే నాలుగు. కారులో అమ్మకానికి డ్రగ్స్ కూడా దొరికి ఉంటే అసలు కథే మారిపోతుంది. అప్పుడు 924(సి) అనే వేరే ఛార్జ్ రావచ్చు, దానికి కనీసం అయిదేళ్లు, మిగతా శిక్ష అయ్యాక విడిగా అనుభవించాలి. మీరు అలాంటిదేమీ రాయలేదు కాబట్టి లేదనే అనుకుంటున్నాను. ఫెడరల్‌లో పెరోల్ లేదన్నది కూడా తెలుసుకోండి. మంచి ప్రవర్తనకు ఏడాదికి 54 రోజులు తగ్గుతాయి, బయటికి వచ్చాక మూడేళ్ల దాకా నిఘా ఉంటుంది.

ఆ రెండో 15 మీ వాడికి వర్తించకపోయినా, ఇంకెవరికైనా ఉపయోగపడుతుందని కొంచెం చెప్తాను, ఎందుకంటే నా పనిలో అన్నిటికన్నా అన్యాయం నేను చూసింది అక్కడే. ఆర్మ్‌డ్ కెరీర్ క్రిమినల్ యాక్ట్‌కి కాలదోషం లేదు, 25 ఏళ్ల కిందటి కేసును కూడా తవ్వుతుంది. జార్జియాలో వుడెన్ అనే మనిషి 1997లో ఒక్క రాత్రి, ఒకే గోడౌన్‌లో, లోపలి గోడలు పగలగొట్టుకుంటూ 10 గదుల్లో దొంగతనం చేశాడు. ఏళ్ల తర్వాత ఇంట్లో తుపాకీ దొరికితే, ఆ ఒక్క రాత్రిని 10 సందర్భాలుగా లెక్కకట్టి 188 నెలలు వేశారు. అది ఒకే సందర్భమని 2022లో సుప్రీంకోర్టు చెప్పింది. వేర్వేరు సందర్భాలా కాదా అన్నది జడ్జి ఒక్కరే తేల్చకూడదు, జ్యూరీ ఏకగ్రీవంగా తేల్చాలని 2024లో ఎర్లింగర్ తీర్పు వచ్చింది. ఏది హింస నేరం అన్నదానికీ ఆ రోజు నిజంగా ఏం జరిగిందో చూడరు, ఆ రాష్ట్ర చట్టంలో నేరం నిర్వచనం చూస్తారు. కావాలని కాకుండా నిర్లక్ష్యంతో చేసినా సరిపోయే నేరమైతే అది లెక్కలోకి రాదని 2021లో బోర్డెన్ తీర్పు. మూడు పాత కేసులున్నవాళ్లు ప్లీ మీద సంతకం పెట్టే ముందు ఆ మూడిటినీ లాయర్ చేత విడివిడిగా చదివించుకోవాలి. ఒక్కటి పడిపోయినా 15 ఏళ్ల గోడ మొత్తం పడిపోతుంది.

మీరు అడగకపోయినా రాబోయే ప్రశ్న ఇంకోటి ఉంది: పెన్సిల్వేనియా రాష్ట్రం కూడా ఇదే తుపాకీకి మళ్లీ కేసు పెట్టొచ్చా? పెట్టొచ్చు. అలబామాలో హెడ్‌లైట్ పాడైందని కారు ఆపితే తుపాకీ దొరికిన గ్యాంబుల్ కేసులో, రాష్ట్రం, ఫెడరల్ రెండూ శిక్షించడం రాజ్యాంగానికి విరుద్ధం కాదని 2019లో తేల్చారు. ప్లీ మాట్లాడేటప్పుడే రాష్ట్రం కేసు ఏమవుతుందో కాగితం మీద రాయించుకోమనండి.

ఈ నిషేధమే రాజ్యాంగానికి విరుద్ధమన్న వాదన కూడా ఇప్పుడు నడుస్తోంది. పైన చెప్పిన రేంజ్ కేసులో, ఫిలడెల్ఫియా తన పరిధిలోకి వచ్చే థర్డ్ సర్క్యూట్ అనే ఫెడరల్ అప్పీల్ కోర్టే 2023లో ఒకసారి, సుప్రీంకోర్టు మళ్లీ చూడమన్నాక 2024 డిసెంబరులో ఇంకోసారి, ఆయన మీద నిషేధం చెల్లదంది. ఇతర సర్క్యూట్లలో కొన్ని దీనికి ఒప్పుకోలేదు. ఆ తీర్పు ఆయన ఒక్కరి పరిస్థితి చూసి ఇచ్చింది, మీ వాడి పాత డ్రగ్స్ కేసుకు సాగుతుందా అన్నది వాదించి తేల్చుకోవాల్సిందే. కానీ ఆ పిటిషన్ వేయకుండా, ప్లీలో అప్పీల్ హక్కు వదులుకుని సంతకం పెడితే తర్వాత తలుపు తెరుచుకోకపోవచ్చు. లాయర్‌ని సూటిగా అడగండి.

మీ వాడు అక్కడే పుట్టిన పౌరుడు కాబట్టి దేశం నుంచి పంపేస్తారన్న భయం లేదు. గ్రీన్ కార్డ్ ఉన్నవాళ్లకు మాత్రం ఇదే ఛార్జ్ ఇమిగ్రేషన్ చట్టంలో అగ్రవేటెడ్ ఫెలనీ (దేశం నుంచి పంపేయడానికి దారి తీసే తీవ్ర నేరం) అవుతుంది. జైలు కన్నా అదే పెద్ద దెబ్బ. 2010 నాటి పడిల్లా తీర్పు ప్రకారం ఆ సంగతి ముందే చెప్పడం లాయర్ బాధ్యత.

ఒప్పుకున్నా, విచారణలో ఓడినా, శిక్షకు ముందు ప్రొబేషన్ అధికారి ఒక నివేదిక తయారు చేస్తారు. పాయింట్లన్నీ అందులో వేస్తారు. తప్పుంటే అభ్యంతరం చెప్పడానికి 14 రోజులే. అది వచ్చిన రోజే పాత జడ్జిమెంట్ పక్కన పెట్టి వరుస వరుసా చూడాలి. జడ్జికి కుటుంబం ఉత్తరాలు రాయొచ్చు. అక్కగారు తెలుగులో రాసినా అనువాదం చేయించి ఇవ్వొచ్చు. వాడు ఎంత మంచివాడో అని మొత్తంగా రాయడం కన్నా, వాడు ఇంటికి చేసిన పనులు, వచ్చాక ఎవరి దగ్గర ఉంటాడు, ఏ ఉద్యోగం ఉంది అన్నవి రాస్తే జడ్జిలు చదువుతారు. వాడు నేరం ఒప్పుకున్నాక, మా వాడు ఏ తప్పూ చేయలేదని మాత్రం రాయకండి, ఆ తగ్గే స్థాయిలకే ముప్పు.

సోమవారం చేయాల్సింది ఇంతే: న్యూజెర్సీలో కేసు నడిచిన కౌంటీ పేరు, ఉంటే పాత కేసు నంబరు లాయర్‌కి పంపండి, ఆ మూడు కాగితాలు తెప్పించారా అని అడగండి. లాయర్ ఫీజుకి డబ్బు చాలకపోతే కోర్టు నియమించే ఫెడరల్ డిఫెండర్ ఉంటారు, రోజూ ఈ కేసులే చూసేవాళ్లు, వాళ్లను తక్కువగా చూడకండి. జడ్జిమెంట్‌లో నేరం పేరు, సెక్షన్ నంబరు ఏముందో తెలిశాక, పేర్లు తీసేసి ఆ రెండూ ఇక్కడ రాయండి. స్థాయి 14లో పడుతుందా 20లో పడుతుందా అన్నది అప్పుడు ఇంకాస్త నిక్కచ్చిగా చెప్పగలను.